డిప్రెషన్ మందులు: మొదలుపెట్టే రోజు నుంచి మానేసే రోజు దాకా ఏం చేయాలి

డాక్టరు రాసిచ్చిన చీటీ చేతిలో ఉంది. టాబ్లెట్లు కొని రెండు రోజులైనా ఇంకా వేసుకోలేదు. "ఒకసారి మొదలుపెడితే ఇక జీవితాంతం వాడాల్సిందే" అన్నారొకరు. "మనసు గట్టి చేసుకుంటే చాలు, మందులెందుకు" అన్నారు ఇంకొకరు. మీరు ఆ అయోమయంలో ఉంటే ఇది మీ కోసమే. మీ ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్ ఉండి, ఎలా సాయం చేయాలో తోచకపోతే మీకూ పనికొస్తుంది.

నేనూ ఈ మందులు వాడాను. మొదటిసారి పన్నెండు రోజులు వేసుకుని, కడుపులో తిప్పడం తప్ప ఏమీ మారలేదని ఆపేశాను. ఇంకో మూడు వారాలు ఓపిక పట్టాలన్న సంగతి నాకు తెలియదు. అలా దాదాపు ఏడాది పోయింది. ఈ మందులకు ఒక వరుస ఉంది. ముందు ఇబ్బంది కనిపిస్తుంది, మేలు తర్వాత నెమ్మదిగా వస్తుంది, బాగయ్యాక కూడా కొన్ని నెలల పని మిగిలి ఉంటుంది. ఆ వరుస ముందే తెలిస్తే మధ్యలో వదిలేయాలనిపించదు.

మొదటి అడుగు: మీకున్నది డిప్రెషనేనా, తేల్చుకోండి

బాధ వేరు, డిప్రెషన్ వేరు. కావలసినవాళ్లు పోయినప్పుడు ఏడుస్తాం, కానీ మధ్యలో ఎవరో వచ్చి పాత సంగతి గుర్తుచేస్తే కాసేపు నవ్వుతాం కూడా. డిప్రెషన్‌లో ఆ నవ్వు రాదు. ఇష్టమైన పని ఎదురుగా ఉన్నా దాని మీదికి మనసు పోదు.

డాక్టర్లు సాధారణంగా తొమ్మిది లక్షణాలు చూస్తారు: రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర తగ్గడమో పెరగడమో, ఆకలిలో లేదా బరువులో మార్పు, ఒంట్లో శక్తి లేకపోవడం, "నేనెందుకూ పనికిరాను" అన్న భావన లేదా అకారణమైన అపరాధ భావం, ఏకాగ్రత కుదరకపోవడం, కదలికలు మందగించడం లేదా కాలు నిలవనంత కంగారు, చావు గురించిన ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు తగ్గకుండా ఉండాలి. ఆ ఐదింటిలో మొదటి రెండింటిలో ఒకటైనా తప్పనిసరి. రోజువారీ పనులు దెబ్బతింటున్నాయా అన్నది కూడా చూస్తారు.

ఈ తొమ్మిదింటి మీదే పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల్లో ఎంత తరచుగా ఉందో చూసి ఒక్కో ప్రశ్నకు 0 (అసలు లేదు) నుంచి 3 (దాదాపు ప్రతిరోజూ) దాకా మార్కులు, మొత్తం 27. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి కాస్త తీవ్రం, 20 నుంచి తీవ్రం అని లెక్క. ఇది జ్వరం చూసే థర్మామీటర్ లాంటిది. ఎంత ఉందో చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. ఒక నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీలో ఈరోజు మీ స్కోరు, తేదీ రాయండి. దాని కింద మీ మాటల్లో, మీలో ఏమేం మారాయో నాలుగైదు వాక్యాలు రాయండి. "ఫోన్ మోగితే భయం", "స్నానం వాయిదా వేస్తున్నాను", ఇలా ఎంత చిన్నవైనా సరే. ఈ పేజీ చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

ఆ తొమ్మిదో ప్రశ్న, చావు ఆలోచన గురించినది, మీ విషయంలో నిజమైతే మిగతా అడుగుల కోసం ఆగకండి. ఈరోజే ఒక మనిషికి ఆ మాట నోటితో చెప్పండి. ఎలా చేసుకోవాలన్న ఆలోచన కూడా వస్తుంటే ఒంటరిగా ఉండకండి, దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి లేదా మీ ప్రాంతపు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లకు ఒక మాట: "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడం వల్ల ఎవరికీ ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. చాలామందికి అడిగినందుకు ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది.

రెండో అడుగు: వేరే కారణాలు ఉన్నాయేమో చూపించుకోండి

థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, విటమిన్ బి12 లోపించినా అచ్చం డిప్రెషన్‌లాగే కనిపించవచ్చు. స్టెరాయిడ్ మాత్రలు, మద్యం కూడా మనసును కుంగదీస్తాయి. ఒక రక్తపరీక్షతో కొన్ని సంగతులు తేలిపోతాయి కాబట్టి డాక్టరును అడగడానికి మొహమాటపడకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గతంలో ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా అలసట తెలియనంత హుషారు, ఆగని మాటలు, విచ్చలవిడి ఖర్చు, నేనేదైనా చేయగలనన్న ధీమా వచ్చాయా? మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా బైపోలార్ (ఇలాంటి హుషారు, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉందా? ఉంటే డాక్టరు అడగకపోయినా చెప్పండి. బైపోలార్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఆ హుషారు అదుపు తప్పి ఉన్మాద దశలోకి వెళ్లే ప్రమాదం ఉంది. కుంగిపోయి ఉన్నప్పుడు పాత హుషారు రోజులు జబ్బులో భాగమని మనకు తట్టదు, అవే మంచి రోజులని అనిపిస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లను కూడా తీసుకెళ్లండి.

మూడో అడుగు: మందు లోపల ఏం చేస్తుందో తెలుసుకోండి

ఈ భాగం కాస్త పొడవు. ఇది అర్థమైతే మిగతా సలహాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

డిప్రెషన్ మందులు అనుకోకుండా దొరికాయి. 1950ల తొలినాళ్లలో క్షయ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే మందు ఇస్తే, వాళ్లలో కొందరు అనుకోనంత ఉత్సాహంగా మారడం డాక్టర్లు గమనించారు. 1957లో అమెరికాలో నేథన్ క్లైన్ దాన్ని డిప్రెషన్‌కు వాడిన ఫలితాలు చెప్పారు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్, స్కిజోఫ్రీనియా (లేనివి వినిపించే, భ్రమలు కలిగే మానసిక జబ్బు) కోసం పరీక్షిస్తున్న ఇమిప్రమిన్ అనే మందు ఆ జబ్బుకు పనిచేయకపోయినా కుంగుబాటుకు పనిచేస్తోందని ప్రచురించారు. అంటే ముందు మందు దొరికింది, అది ఎలా పనిచేస్తోందన్న వెతుకులాట తర్వాత మొదలైంది.

ఆ వెతుకులాటలో తేలింది ఇది. మెదడులో ఒక నాడీకణం ఇంకో కణానికి కబురు పంపాలంటే సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ వంటి రసాయనాలను మధ్యనున్న సన్నని ఖాళీలోకి వదులుతుంది. పని అయ్యాక వాటిని మళ్లీ లోపలికి లాగేసుకుంటుంది. ఇమిప్రమిన్ లాంటివి ఆ లాగడాన్ని అడ్డుకుంటాయి, ఇప్రోనియాజిడ్ ఆ రసాయనాలను విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుంది. రెండు దారుల్లోనూ అవి ఎక్కువసేపు నిలుస్తాయి. దీంతో 1960ల్లో శాస్త్రవేత్తలు, ఈ రసాయనాలు తగ్గడమే డిప్రెషన్‌కు కారణం కావచ్చని ప్రతిపాదించారు. అమెరికాలో 1987 చివర్లో అనుమతి పొందిన ఫ్లుఆక్సెటిన్, దాని తర్వాత వచ్చిన సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రమ్ వంటివి సెరటోనిన్‌ను లాగే ద్వారాన్నే ఎంచుకుని మూస్తాయి. వీటినే ఎస్ఎస్ఆర్ఐలు అంటారు. పాతవాటికన్నా సైడ్ ఎఫెక్ట్స్ తక్కువ, పొరపాటున ఎక్కువ మోతాదు పడినా ప్రమాదం తక్కువ కాబట్టి ఇప్పుడు ఎక్కువగా ముందు రాసేది వీటినే.

కానీ ఆ సిద్ధాంతంలో ఒక చిక్కు ఉంది. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే ఆ ద్వారం మూసుకుంటుంది. మనసు తేలికపడడానికి మాత్రం వారాలు పడుతుంది. సెరటోనిన్ తక్కువవడమే జబ్బు అయితే సాయంత్రానికే తగ్గిపోవాలి కదా? 2022లో ఆ రంగంలోని పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక పెద్ద సమీక్ష కూడా, డిప్రెషన్ ఉన్నవాళ్లలో సెరటోనిన్ తక్కువగా ఉంటుందనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. అది చదివి "మందులు దండగ" అని కొందరు తీర్మానించేశారు. ఆ తీర్మానం సరికాదు. తలనొప్పి మాత్రతో తలనొప్పి తగ్గిందంటే ఒంట్లో ఆ మాత్ర తక్కువై తలనొప్పి వచ్చిందని కాదు. కారణం గురించిన కథ తప్పయినంత మాత్రాన మందు ఫలితం అబద్ధమైపోదు.

మరి వారాలు ఎందుకు? ఇప్పుడు బలంగా వినిపిస్తున్న వివరణ ఏమిటంటే, మందు మెదడుకు మళ్లీ మారే గుణాన్ని పెంచుతుంది. నాడీకణాల మధ్య కొత్త అతుకులు ఏర్పడటానికి తోడ్పడే బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ పని మెరుగవుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో కేథరిన్ హార్మర్ బృందం చేసిన ప్రయోగాల్లో ఇంకో ఆసక్తికరమైన సంగతి బయటపడింది. ఇంకా మనసు బాగుపడినట్టు అనిపించకముందే, మందు వేసుకున్న తొలి రోజుల్లోనే, ఎదుటివాళ్ల ముఖంలోని భావాన్ని చదవడంలో తేడా వస్తుంది. కోపం, భయం వైపే పోయే చూపు కాస్త సంతోషం వైపు కూడా తిరుగుతుంది. మనకు అది తెలియదు. కానీ అలాంటి చిన్న చిన్న చూపులు రోజూ పోగైతే లోకం గురించిన మన అంచనా మెల్లగా మారుతుంది. అందుకే వారాలు పడుతుంది. మందు సంతోషాన్ని తెచ్చి చేతిలో పెట్టదు. మూసుకుపోయిన కిటికీని కాస్త తెరుస్తుంది, ఆ వెలుగులో మెదడు కొత్తగా నేర్చుకోవాలి.

నాలుగో అడుగు: మందు అవసరమా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి

స్కోరు తక్కువగా ఉండి, పనులు సాగుతూ ఉంటే కౌన్సెలింగ్, వ్యాయామం, నిద్ర సరిచేసుకోవడంతో మొదలుపెట్టవచ్చు. మధ్యస్థం, తీవ్రం అయితే మందు, కౌన్సెలింగ్ రెండూ కలిపితే ఒక్కదానికన్నా మంచి ఫలితం ఉంటుంది.

మందు ఎంత పనిచేస్తుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో 522 ట్రయల్స్, లక్షకు పైగా రోగులు, 21 మందులు ఉన్నాయి. ఆ ఇరవై ఒక్కటీ మందు లేని ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా పనిచేశాయి. కానీ సగటున ఆ తేడా పెద్దదేమీ కాదు. సగటు అంటే అందరికీ అంతే అని కాదు, కొందరికి జీవితం మారిపోతుంది, కొందరికి ఏమీ తెలియదు. మీరు ఏ జాబితాలో ఉన్నారో ముందుగా చెప్పే పరీక్ష ఇప్పటికి లేదు, వాడి చూడటమే మార్గం.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మీరు వాడే ప్రతి మందు పేరూ రాసుకెళ్లండి. మూలికలతో చేసినవైనా సరే, వదలకండి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఎస్ఎస్ఆర్ఐలతో కలిస్తే సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం ఎక్కువవుతుంది. గర్భం, గుండెజబ్బు, మూర్ఛ, గ్లాకోమా ఉంటే అవి కూడా చెప్పండి.

ఐదో అడుగు: మొదటి రెండు వారాలు దాటండి

ఈ పద్నాలుగు రోజులే గండం. మేలు ఇంకా రాదు, ఇబ్బందులు మాత్రం ముందే వస్తాయి. వికారం, తలనొప్పి, విరేచనాలు, చెమటలు, నిద్ర చెదరడం, కొందరికి మత్తుగా ఉండటం. చాలావరకు ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి. తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. నిద్ర పట్టకపోతే ఉదయానికి, మత్తుగా ఉంటే రాత్రికి మార్చుకోవచ్చేమో డాక్టరును అడగండి. తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచమని కూడా అడగవచ్చు. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకండి.

లైంగిక కోరిక తగ్గడం, స్పర్శ మొద్దుబారడం చాలామందికి వచ్చే సమస్య. ఇది దానంతటది తగ్గకపోవచ్చు. దీని గురించి చెప్పలేక మందే మానేసేవాళ్లు ఎందరో. చెబితే డోసు తగ్గించడమో, ఇంకో మందుకు మార్చడమో చేస్తారు. సిగ్గుపడాల్సిన పని లేదు, డాక్టర్లు ఇది రోజూ వినే మాటే.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. కూర్చోలేనంత అస్థిమితం, విపరీతమైన చిరాకు, కొత్తగా లేదా ఎక్కువగా చావు ఆలోచనలు వస్తే అదే రోజు డాక్టరుకు చెప్పండి. పిల్లల్లో, టీనేజర్లలో ఈ ప్రమాదం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో మందు పెట్టెల మీదే హెచ్చరిక పెట్టించింది, 2007లో దాన్ని 24 ఏళ్ల వరకు పెంచింది. కాబట్టి చిన్న వయసువాళ్లు మందు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు ఇంట్లో ఒకరు రోజూ పలకరిస్తూ కనిపెట్టుకుని ఉండాలి. తీవ్రమైన వణుకు, కండరాలు బిగుసుకోవడం, జ్వరం, అయోమయం కలిసి వస్తే నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పెద్ద వయసువాళ్లకు రక్తంలో సోడియం పడిపోయే అవకాశం ఉంది. కొత్తగా తికమక పడుతున్నా, తూలుతున్నా వయసు మీద పడిందని వదిలేయకుండా పరీక్ష చేయించండి.

ఆరో అడుగు: కొలవండి

రెండు వారాలకోసారి అదే ప్రశ్నావళి నింపి నోటుబుక్కులో రాయండి. కుంగిన మనసు తన ప్రగతిని తాను గుర్తించదు, కాగితం గుర్తిస్తుంది. నా విషయంలో మార్పు ముందు కనిపెట్టింది మా అక్క. "ఈమధ్య నువ్వే ఫోన్ చేస్తున్నావు" అంది. అప్పటికి నాకు ఏమీ మారినట్టు లేదు. నోటుబుక్కు తీసి చూస్తే స్కోరు 19 నుంచి 13కి దిగింది. తరచుగా నిద్ర, ఆకలి, ఒంట్లో ఓపిక ముందు మెరుగవుతాయి, మనసులో ఆశ ఆ తర్వాత వస్తుంది.

సరైన డోసు మీద నాలుగు వారాలు దాటినా అసలు కదలిక లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కొంచెం కదలిక ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా చూస్తారు. ఆ తర్వాత డోసు పెంచడం, మందు మార్చడం, ఇంకొకటి చేర్చడం ఉంటాయి. మొదటి మందు పనిచేయకపోతే "నాది నయం కాని జబ్బు" అనుకోకండి. అమెరికాలో జరిగిన స్టార్‌-డి అనే పెద్ద అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నది సుమారు మూడింట ఒక వంతు మందే. మందు మార్చినవాళ్లలో మరో నాలుగింట ఒక వంతు మంది రెండోదానితో కోలుకున్నారు. రెండు మూడు మందులకు లొంగనివాళ్లకు లిథియం చేర్చడం, ఎస్‌కెటమిన్ అనే మందు, విద్యుత్ చికిత్స (మెదడుకు కాసేపు కొద్దిపాటి కరెంటు ఇవ్వడం) వంటి దారులున్నాయి. విద్యుత్ చికిత్స పేరు వింటే భయం వేస్తుంది. ఇప్పుడు దాన్ని మత్తు ఇచ్చి చేస్తారు, తీవ్రమైన డిప్రెషన్‌కు అది చాలా బలమైన చికిత్స. ఆ సమయం చుట్టూ ఉన్న కొన్ని జ్ఞాపకాలు చెదరవచ్చు, ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

ఏడో అడుగు: తెరుచుకున్న కిటికీని వాడుకోండి

ఒంట్లో కాస్త శక్తి వచ్చిన రోజు నుంచి ఇది మొదలుపెట్టాలి. మనసు బాగుంటే పని చేస్తాను అనుకుంటాం. డిప్రెషన్‌లో దారి తిరగబడి ఉంటుంది, పని ముందు చేస్తే మనసు వెనక వస్తుంది. రోజుకొక పని ముందురోజే కాగితం మీద రాయండి. పది నిమిషాల నడక, ఒక స్నేహితుడికి ఫోన్, ఒక అర సర్దడం. చేయాలనిపించినా అనిపించకపోయినా ఆ టైముకు చేయండి, అయ్యాక మనసు ఎలా ఉందో పక్కన రాయండి. కౌన్సెలింగ్‌లో దీన్నే పద్ధతిగా చేయిస్తారు. మందుతో మెదడు మారడానికి సిద్ధపడిన నెలల్లో మంచం మీదే ఉండిపోతే, అది నేర్చుకునేది మంచాన్నే.

ఎనిమిదో అడుగు: బాగయ్యాక ఆపేయకండి, ఆపేటప్పుడు తొందరపడకండి

పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించాలి. జబ్బు మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లకు రెండేళ్లు, ఇంకా ఎక్కువ కూడా ఉండవచ్చు. 2021లో బ్రిటన్‌లో వెలువడిన ఒక ట్రయల్‌లో, చాలాకాలంగా మందు వాడుతూ బాగున్నవాళ్లను రెండు గుంపులు చేశారు. ఏడాదిలోపు కొనసాగించినవాళ్లలో 39 శాతానికి, ఆపినవాళ్లలో 56 శాతానికి జబ్బు తిరగబెట్టింది. కొనసాగించడం మంచిదని ఈ అంకెలు చెబుతాయి. ఆపినవాళ్లలో చాలామంది బాగానే ఉన్నారని కూడా చెబుతాయి. కాబట్టి "జీవితాంతం తప్పదు" అన్న మాట అందరికీ వర్తించదు.

ఇవి మద్యంలా వ్యసనం కలిగించవు. రోజురోజుకూ ఎక్కువ కావాలనిపించదు, దాని కోసం వెంపర్లాట ఉండదు. కానీ శరీరం వాటికి సర్దుకుని ఉంటుంది కనుక ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, పీడకలలు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం వంటివి రావచ్చు. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ ఒంట్లోంచి త్వరగా పోతాయి కాబట్టి వాటితో ఎక్కువ. ఫ్లుఆక్సెటిన్ వారాలపాటు మెల్లగా పోతుంది కాబట్టి తక్కువ.

డోసు తగ్గించడంలో ఒక మెలిక ఉంది. మామూలు డోసు సెరటోనిన్ ద్వారాల్లో సుమారు 80 శాతాన్ని పట్టి ఉంచుతుంది. డోసు సగం చేస్తే ఆ పట్టు సగం కాదు, కొంచెమే తగ్గుతుంది. చివర్లో చిన్న డోసు నుంచి సున్నాకు దిగేటప్పుడు మాత్రం ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే మొదట్లో తేలిగ్గా తగ్గించగలిగినవాళ్లు చివరి మెట్టు మీద ఇబ్బంది పడతారు. కింది మెట్లు ఇంకా చిన్నవిగా ఉండాలి, ఒక్కో మెట్టు మీద కొన్ని వారాలు నిలబడాలి. ఇది వారాల్లో కాక నెలల్లో జరగాల్సిన పని అనుకోండి. చివరి చిన్న డోసుల కోసం ద్రవ రూపంలో మందు దొరుకుతుందేమో డాక్టరును అడగండి.

డోసు తగ్గించిన రెండు మూడు రోజుల్లోనే, మునుపు లేని తల తిరగడం, షాకు లాంటివి వస్తే అవి ఎక్కువగా మందు ఆపినందువల్ల వచ్చినవే. పాత డోసుకు తిరిగి వెళితే త్వరగా తగ్గుతాయి. వారాలో నెలలో గడిచాక పాత లక్షణాలే ఒక్కొక్కటిగా వస్తుంటే అది జబ్బు తిరగబెట్టడం కావచ్చు. ఈ తేడా తెలియక కొందరు అనవసరంగా మళ్లీ ఏళ్ల తరబడి వాడతారు, ఇంకొందరు అసలు జబ్బును "మందు ఆపిన ప్రభావమే" అనుకుని ఊరుకుంటారు.

పూర్తిగా ఆపాక కనీసం ఆరు నెలలు ఆ నోటుబుక్కు అందుబాటులో ఉంచుకోండి. నెలకోసారి మొదటి పేజీ తీసి, ఆ రోజు మీరు రాసుకున్న నాలుగైదు వాక్యాలు చదవండి. ఫోన్ మోగితే మళ్లీ భయమేస్తోందా, స్నానం మళ్లీ వాయిదా పడుతోందా? రెండు వాక్యాలు నిజమవుతున్నాయంటే ప్రశ్నావళి నింపి, ఆ వారంలోనే డాక్టరు దగ్గర టైము తీసుకోండి. మీ ఇంట్లో ఒకరికి కూడా ఆ పేజీ చూపించి ఉంచండి.